తాళంచెవి ఎవరి కొంగున ఉంది?

మొన్న వరలక్ష్మీ వ్రతం పేరంటానికి పక్క ఫ్లాటు వదినగారింటికి వెళ్ళాను. వాయనం అందుకుని, శనగలు సంచిలో వేసుకుని లేవబోతుంటే మాటలు వెబ్‌సైటు మీదికి మళ్ళాయి. వదినగారు రెండేళ్ళుగా కారప్పొడులు, సున్నుండలు చేసి అమ్ముతున్నారు. ఆవిడ చేతి నువ్వుపొడి తిన్నవాళ్ళు మళ్ళీ బజారు పొడి కొనరు. ఇప్పుడు ఆవిడకి ఒక వెబ్‌సైటు కావాలి.

ఇక చూడండి, ఒక్కొక్కరూ ఒక్కో సలహా. "అదేదో ఉందట, బొమ్మల్ని లాగి వదిలేయడమేనట, గంటలో అయిపోతుందట" అని ఒకరు. "ఫ్రీగా వచ్చేది ఉండగా డబ్బులెందుకు దండగ" అని ఇంకొకరు. చివరికి వదినగారే తేల్చేశారు: "మనకెందుకమ్మా ఆ గోలంతా? మా అబ్బాయి స్నేహితుడు చేసిపెడతానన్నాడు. పాస్‌వర్డులూ అవీ అతనే చూసుకుంటాడు."

అక్కడ నాకు కోపం వచ్చేసింది. పేరంటంలో కోప్పడకూడదు కాబట్టి నవ్వి ఊరుకున్నాను. ఆ కోపమంతా ఇక్కడ వెళ్ళగక్కుతున్నాను, భరించండి.

ఎందుకంత కోపం అంటారా? నాకు తగిలిన దెబ్బ అలాంటిది.

మా అమ్మది తణుకు దగ్గర పల్లెటూరు. వంటల పుస్తకం ఏనాడూ తెరవలేదు, కొలత గ్లాసు ముట్టుకోలేదు. పెళ్ళయి హైదరాబాదు వచ్చాక మాగాయ ఎలా పెట్టాలో, పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలపాలో ఫోన్ చేసి అడిగేదాన్ని. ఆవిడ చెప్తూ ఉంటే కాయితం మీద రాసుకునేదాన్ని. ఒకరోజు మా అక్క కొడుకు ఆ కాయితాల కట్ట చూసి, "పిన్నీ, వీటిని వెబ్‌సైటులో పెడదాం" అన్నాడు. వాడప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఏదో కంపెనీ సైటు తెరిచి, పూల తీగలున్న డిజైన్ ఒకటి చూపించి, "ఇది సూపరుంటుంది" అన్నాడు. నాకూ ఆ పూల తీగలు నచ్చాయి. అంతే, అంతకుమించి నేనేమీ అడగలేదు. చీర కొనేటప్పుడు కూడా రంగు పోతుందేమో అని అడిగే మనిషిని, దాని గురించి ఒక్క ప్రశ్న వేయలేదు.

నాలుగేళ్ళు రాశాను. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, గిన్నెలు సర్దుకుని, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు దొరికే గంటలో. మొత్తం 112 వంటలు. కాయితాలు ఎక్కించినవి ఎక్కించినట్టు పారేశాను, ఇంట్లో చెత్త ఎందుకని. తర్వాత తర్వాత అసలు కాయితం లేకుండా, ఫోను స్పీకర్లో పెట్టి అమ్మ చెప్తుంటే నేరుగా టైపు చేసేదాన్ని. ఆవిడ మాటలు ఆవిడ మాటల్లాగే పెట్టాను. మాగాయ ముక్క ఎంతసేపు ఎండాలి అంటే గంటలు చెప్పేది కాదు. "వంచితే వంగాలి, విరక్కూడదు" అనేది.

అమ్మ పోయింది. ఏడాది తిరిగింది. మర్నాడు మామిడికాయలు తెచ్చుకుందామని ముందురోజు రాత్రి మాగాయ పేజీ తెరిస్తే... ఏమీ లేదు. తెల్ల పేజీ. ఆ కంపెనీవాళ్ళు ఆ సర్వీసు ఎత్తేశారట. మూడు నెలల ముందే మెయిల్ పంపారట, "మీవి మీరు తీసుకోండి" అని. ఆ మెయిల్ ఎక్కడికి వెళ్ళింది? మా వాడి కాలేజీ మెయిల్‌కి. ఖాతా దాని మీద తెరిచాడు కదా! వాడు చదువైపోయి, ఉద్యోగంలో చేరి, ఆ మెయిల్ మర్చిపోయి రెండేళ్ళయింది.

వాడిని ఏమనగలం? చిన్నపిల్లవాడు, మంచి మనసుతో చేశాడు. విషయం చెప్తే ఫోన్లో ఏడ్చాడు కూడా. తప్పు నాది. నా ఇంటి తాళంచెవి ఎక్కడుందో నేను కనుక్కోలేదు.

అందుకే అంటున్నాను, "ఏది సులువు?" అన్న ప్రశ్న నన్ను అడగకండి. అన్నీ సులువే! వెబ్‌సైటు కట్టే ఏ సాఫ్ట్‌వేరైనా మొదటిరోజు మనల్ని కొత్త కోడల్లాగే చూసుకుంటుంది. మెయిల్ ఇవ్వు, పేరు పెట్టు, డిజైన్ ఎంచుకో, అయిపోయింది. అడగాల్సింది చివరిరోజు గురించి. రేపు నేను ఇక్కణ్ణుంచి వెళ్ళిపోవాలనుకుంటే నా సామాను నాతో రానిస్తారా? అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే హాల్లో టైల్సు చూసి మురిసిపోయి అడ్వాన్సు ఇచ్చేస్తామా? ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు తిరిగి ఇస్తారా, ఎన్ని నెలల ముందు చెప్పాలి, అన్నీ అడుగుతాం కదా. మరి దీని దగ్గర ఎందుకు అడగం?

అడిగితే జవాబులు దొరుకుతాయండీ, ఎవరూ దాచడం లేదు. విక్స్ ఉంది. 2006లో ఇజ్రాయెల్లో మొదలైంది. లాగి వదలడంలో దానికి మంచి పేరు, డిజైన్లు చాలా అందంగా ఉంటాయి. కానీ అక్కడ కట్టిన సైటుని తీసుకెళ్ళి వేరే చోట పెట్టుకోవడం కుదరదని వాళ్ళ సహాయ పేజీల్లో వాళ్ళే రాసుకున్నారు. అది మోసమని నేననను, అది వాళ్ళ పద్ధతి. చదివి, ఒప్పుకుని చేరితే గొడవే లేదు. చదవకుండా చేరడమే మన తప్పు.

వర్డ్‌ప్రెస్ సంగతి వేరు. అది 2003లో మొదలైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. అంటే ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు, ఏ ఒక్క కంపెనీ గుత్తాధిపత్యమూ కాదు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్నాయి. రాసినదంతా ఒక ఫైలుగా దించుకోవడానికి అందులో 'ఎక్స్‌పోర్ట్' ఉంటుంది. ఆ ఫైలు తీసుకెళ్ళి ఇంకో వర్డ్‌ప్రెస్‌లో పెట్టుకోవచ్చు. గూగుల్‌వాళ్ళ బ్లాగర్‌లోనూ బ్యాకప్ తీసుకునే వీలు సెట్టింగ్స్‌లోనే ఉంది. కాకపోతే వర్డ్‌ప్రెస్ ఎక్స్‌పోర్ట్ ఫైలులో మన రాతే ఉంటుంది, ఫోటోలు ఉండవు, వాటి చిరునామాలే ఉంటాయి. ఫోటోలు విడిగా దాచుకోవాలి. ఇది తెలియక దెబ్బతిన్నవాళ్ళు చాలామంది.

ఇక్కడ కొత్తవాళ్ళు తడబడే చోటు ఒకటుంది, చెప్పి ముందుకు వెళ్తాను. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ వేరు, వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ వేరు. డాట్ ఆర్గ్‌లో దొరికేది సాఫ్ట్‌వేర్. సామాను తెచ్చుకుని మనింట్లో మనమే వండుకున్నట్టు. పొయ్యి కూడా మనదే, అంటే హోస్టింగ్ మనమే కొనుక్కోవాలి, అప్‌డేట్లు, బ్యాకప్పులు మనమే చూసుకోవాలి. డాట్ కామ్ అంటే అదే వంట వాళ్ళ హోటల్లో తినడం. ఊడ్చే పని, తుడిచే పని వాళ్ళది. ఉచితంగా తింటే పక్కన వాళ్ళ ప్రకటనలుంటాయి, మన సొంత పేరు పెట్టుకోవాలంటే డబ్బు కట్టాలి. రెండూ మంచివే. ఏది కొంటున్నామో తెలిసి కొనాలి, అంతే.

"మావి పెద్ద కంపెనీలండీ, అవెందుకు మూతపడతాయి?" అంటారా? జియోసిటీస్ అని ఒకటుండేది, యాహూ వాళ్ళది. జనం లక్షల్లో సొంత పేజీలు కట్టుకున్నారు. 2009లో అమెరికాలో దాన్ని మూసేశారు. ఆర్కుట్ 2014లో పోయింది, మనలో ఎంతమంది స్నేహితురాళ్ళ మాటలు దాంతో పోయాయో! గూగుల్ ప్లస్ 2019లో వెళ్ళిపోయింది. చిన్న వ్యాపారస్తులకి గూగుల్ వాళ్ళే ఉచితంగా ఒక పేజీ వెబ్‌సైటు ఇచ్చేవాళ్ళు, దాన్ని 2024 మార్చిలో ఎత్తేశారు. యాహూ, గూగుల్ చిన్న కంపెనీలా? వాళ్ళకి లాభం లేదనిపిస్తే మూసేస్తారు, వ్యాపారం కదా. మన అమ్మ మాటలు అందులో ఉన్నాయని వాళ్ళకేం తెలుసు?

ఇక రెండో సంగతి, అసలు నా కోపానికి కారణం. పేరు.

వెబ్‌సైటుకి మూడు భాగాలు. చిరునామా, అంటే డొమైన్. స్థలం, అంటే హోస్టింగ్. ఇల్లు, అంటే మనం ఎంచుకునే సాఫ్ట్‌వేర్. ఇల్లు నచ్చకపోతే పడగొట్టి ఇంకోటి కట్టుకోవచ్చు, స్థలం మార్చుకోవచ్చు, కానీ చిరునామా పోతే జనానికి మన ఇల్లే దొరకదు. ఆ చిరునామా ఎవరి మెయిల్‌తో, ఎవరి ఫోన్ నంబరుతో రిజిస్టరైతే వాళ్ళదే. వదినగారి పొడుల పేరు ఆ అబ్బాయి మెయిల్ మీద ఉంటే, పొడి వదినగారిదే కానీ పేరు ఆ అబ్బాయిది. అతను మంచివాడే. రేపు అతను అమెరికా వెళ్ళిపోతే? నంబరు మార్చేస్తే? ఏటా కట్టాల్సిన డబ్బు కట్టడం మర్చిపోతే? గడువు దాటిన పేరుని ఇంకెవరైనా కొనుక్కోవచ్చు. మన పొడుల పేరు కొడితే పేకాట సైటు తెరుచుకునే రోజు వస్తుంది.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. డొమైన్ ఎవరూ శాశ్వతంగా కొనలేరు. ఒక ఏడాదికో, ఎక్కువలో ఎక్కువ పదేళ్ళకో కట్టి పెట్టుకోవడమే. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకండి, పెద్ద అక్షరాల్లో వేసేది అదే. రెండో ఏడాది ఎంత అని చిన్న అక్షరాల్లో వెతకండి. పాలవాడి దగ్గర, కూరగాయల బండి దగ్గర రూపాయి రూపాయి లెక్క చూసే మనకి ఇదేం పెద్ద విద్య కాదు.

"మొగుడి పేరున ఉంటేనేం, పెళ్ళాం పేరున ఉంటేనేం, ఇంట్లోనే కదా" అని మా ఆయన కూడా అన్నారు. నమ్మకం లేక కాదండీ నేను చెప్పేది. మా ఆయన గ్యాస్ బుక్ చేసే నంబరే గుర్తుపెట్టుకోరు! కష్టపడే మనిషి చేతిలోనే తాళంచెవి ఉండాలని నా వాదన. బంగారం బీరువా తాళాలు మన కొంగున కట్టుకోమని చెప్పిన పెద్దవాళ్ళే, ఇప్పుడు "టెక్నికల్ విషయాలు నీకెందుకే" అంటున్నారు. చీటీల లెక్క మనం చూస్తాం, పిల్లల ఫీజులు ఆన్‌లైన్లో మనం కడతాం, బడి వాట్సాప్ గ్రూపులు మూడు మనం నడుపుతాం. పాస్‌వర్డ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం మనకి చదువు రాదు! ఈ మాట మగవాళ్ళు అంటే కొంత కోపం. మనకి మనమే అనుకుంటే మాత్రం నాకు ఒళ్ళు మండిపోతుంది.

సహాయం తీసుకోవద్దని అనడం లేదు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీని పిలుస్తాం కదా. కానీ పత్రాలు మేస్త్రీ పేరున రాయిస్తామా? పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. మెయిల్ మీది, ఫోన్ మీది, ఓటీపీ మీకు రావాలి, కీబోర్డు మీద వేళ్ళు మీవి ఉండాలి. అతను చెప్పాలి, మీరు చేయాలి. గంటలో అయ్యేది మూడు గంటలు పడుతుంది. పట్టనివ్వండి.

మూడో సంగతి తెలుగు. డిజైన్ చూపించేవాళ్ళందరూ ఇంగ్లీషు అక్షరాలతోనే చూపిస్తారు. అందులో మన తెలుగు పోసి చూస్తే గుణింతాలు ఒక పక్క, ఒత్తులు ఒక పక్క, కింది వరుస మీద పడిపోయి కొట్టుకుంటుంటాయి. ఎంచుకునే ముందు "స్త్రీ", "రాష్ట్రం", "లక్ష్మి" అని మూడు మాటలు కొట్టి, ఫోన్లో ఎలా కనిపిస్తున్నాయో చూసుకోండి. గూగుల్ ఫాంట్లలో మండలి, రామభద్ర, సూరన్న, మల్లన్న లాంటి మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. అవి పెట్టుకునే వీలుందో లేదో కనుక్కోండి. అందంగా ఉంటుందని వంటకాన్ని బొమ్మగా చేసి పెట్టే అలవాటు కొందరికి. దయచేసి వద్దు. బొమ్మలో ఉన్న మాటని వెతికితే సరిగ్గా దొరకదు, కాపీ చేసుకోవడం కుదరదు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటుతో ఉండేవి, ఆ ఫాంటు లేకపోతే అన్నీ పిచ్చిగీతలే. ఆ బాధ పడి బయటికొచ్చినవాళ్ళం, మళ్ళీ మన చేతులతో మనమే మన తెలుగుని బొమ్మల్లో పాతిపెట్టుకుంటామా?

"ఇంత చెప్పావు, మరి ఏది తీసుకోవాలో చెప్పు" అంటారు కదూ? చెప్తాను.

రాసుకోవడానికే అయితే బ్లాగర్‌తో మొదలుపెట్టండి. 1999 నుంచి ఉంది, 2003లో గూగుల్ కొనుక్కుంది. ఉచితం. సొంత పేరు కొనుక్కుంటే దానికి విడిగా డబ్బు తీసుకోకుండా తగిలించుకోనిస్తుంది. డిజైన్లు పాత వాసన కొడతాయి, దుకాణం పెట్టడానికి పనికిరాదు. గూగుల్ దీన్ని కూడా ఎత్తేయదని నేను పూచీ ఇవ్వను, అందుకే నెలకోసారి బ్యాకప్. ఇంకాస్త బాగుండాలంటే వర్డ్‌ప్రెస్ డాట్ కామ్. అక్కణ్ణుంచి రేపు సొంత హోస్టింగ్‌కి మారడం తేలిక, దారి ఒకటే కాబట్టి.

సొంత హోస్టింగ్ మీద వర్డ్‌ప్రెస్సే అన్నిటికంటే స్వతంత్రం. అయినా మొదటిరోజే అక్కడికి వెళ్ళమని చెప్పను. అప్‌డేట్లు చేయకుండా వదిలేస్తే దొంగలు దూరతారు. వంట రాని పిల్లకి పెళ్ళి వంట అప్పగించినట్టు అవుతుంది. ఆరు నెలలు రాసి, ఇది నిలుస్తుంది అనిపించాక వెళ్ళండి.

వదినగారిలా అమ్ముకునేవాళ్ళయితే నిజానికి ఇప్పుడే పెద్ద సైటు అక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగు పెట్టుకోవచ్చు. సొంత పేరు మాత్రం ఇవాళే కొని పెట్టుకోండి. లాగి వదిలే సైటే కావాలంటే తీసుకోండి, తప్పు లేదు. నాలుగు పేజీల దుకాణం పోతే మళ్ళీ కట్టుకోవచ్చు. పోతే మళ్ళీ రానివి మాత్రం అక్కడ పెట్టకండి.

ఏదైనా సరే, చేరేముందు ఒక సాయంత్రం కేటాయించండి. తెలుగులో ఒక పేజీ రాయండి, ఒక ఫోటో పెట్టండి, ఫోన్లో చూసుకోండి. ఆ తర్వాత అది మొత్తం బయటికి తీసుకునే బటన్ ఎక్కడుందో వెతికి, నొక్కి, వచ్చిన ఫైలు తెరిచి చూడండి. బటన్ దొరక్కపోతే, పూల తీగలెంత బాగున్నా, లేచి వచ్చేయండి.

ఇంటర్నెట్ ఆర్కైవ్ అని అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థ ఒకటుంది. 1996 నుంచి ప్రపంచంలోని వెబ్ పేజీలు వీలైనన్ని దాచిపెడుతోంది. పోయిన నా సైటు పేరు అక్కడ కొట్టి చూశాను. 112లో 9 దొరికాయి. పనసపొట్టు ఉంది, కందా బచ్చలి ఉంది. మాగాయ లేదు. ఆ వంగే ముక్క మాట ఒక్కటే నాకు నోటికి గుర్తుంది. ఉప్పు ఎంతో, ఊటలోంచి ముక్కలు ఎన్నో రోజు తీయమందో, రెండేళ్ళుగా నేనూ మా అక్కా వాదించుకుంటూనే ఉన్నాం.

ఇవాళ పొద్దున వదినగారు వాయనం గిన్నె కోసం వచ్చారు. కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. విని కాసేపు ఊరుకుని, "అయితే ముందు నాకొక మెయిల్ తెరవాలి కదూ?" అన్నారు. ఆవిడకి ఇన్నాళ్ళూ సొంత మెయిల్ లేదట. ఫోన్లో ఉన్నది వాళ్ళబ్బాయిది. ఇద్దరం కూర్చుని తెరిచాం. పాస్‌వర్డ్ ఆవిడే పెట్టుకున్నారు, నన్ను అటు తిరగమని మరీ!